నేను దాటేసిన అధ్యాయం

పక్కింటి మగ్గాల గదిలో పుస్తకం చదివి వినిపించడం నా పని. మోకాళ్లు అరిగి తొక్కుడు చెక్కలు తొక్కలేకపోయాక, మగ్గం దగ్గర నాకు మిగిలింది గుంట పక్కన గట్టు మీద చోటే. పక్కింటి కోడలు, ఆమె మొగుడు చెరో గుంటలో కాళ్లు పెట్టుకొని నేస్తుంటారు. వీధి వరసన నేను ఆమెకు అత్తను, అతనికి పెద్దమ్మను. ఇద్దరికీ చదువు రాదు. అతను సంతకం మాత్రం పెడతాడు.

నాకూ పుట్టుకతో వచ్చిన చదువు కాదు. పిల్లల పెళ్లిళ్లు చేశాక, సాయంకాలం బడిలో పలక పట్టుకొని కూర్చున్నాను. బస్సు బోర్డులు చదివాను, మందుల డబ్బాలు చదివాను, తర్వాత పుస్తకాలు. నా చదువు ఇప్పటికీ కుంటి నడకే. రోడ్డు బాగుంటే పోతుంది, రాయి అడ్డొస్తే ఆగుతుంది. ఆ సంగతి నలుగురికీ తెలియడం నాకిష్టం లేదు. ఊళ్లో నన్ను చదువుకున్న ముసలమ్మ అంటారు. ఆ మాట నాకు తీపి.

మా గదిలో ఒక కట్టుబాటు ఉంది. పోగు తెగితే కథ ఆగాలి. ఎవరి మగ్గం మీద తెగితే వాళ్లు “ఆపు” అంటారు. ముడి వేసి, పేక పోగును అటూ ఇటూ నడిపే నాడె మళ్లీ విసిరేదాకా నేను ఆ వరుస మీద వేలు పెట్టుకొని కూర్చోవాలి. ఎవరికీ ఒక్క మాట తప్పిపోకూడదు. కోడలు ఈ విషయంలో శానా గట్టి. మొగుడు అప్పుడప్పుడూ బద్ధకించి పోనీలెమ్మంటాడు గానీ ఆమె అట్లా అనడం నేను వినలేదు.

గ్రంథాలయం నుంచి తెచ్చుకొని ఒకే కథ భాగాలు వరసగా చదువుతున్నాం, అప్పటికి ఐదో పుస్తకంలో ఉన్నాం. ఆకాశంలో ఎక్కడో ఎర్రటి గ్రహం, దాని మీద మంచుగడ్డల గని, ఆ గనిని కాపలా కాసే సిపాయిలు, దాన్ని లాక్కోవడానికి వచ్చే శత్రువులు. ఇట్లాంటి కథ మా మగ్గాలకు ఏం పడుతుందిలే అనుకున్నాను. మొదటి పుస్తకం మొదటి రోజే పట్టింది.

“అంత దూరం ఎగిరిపోయి కొట్టుకునేది నీళ్లకేనా? ఆ మాత్రానికి మన మండలానికి వచ్చింటే సరిపోతాండె” అన్నాడు మొగుడు.

“నువ్వు నెయ్యి. అత్తా, నువ్వు చదువు. ఈయప్ప మాటలకు నిలబడితే వాళ్లు దాహానికి సచ్చిపోతారు” అంది కోడలు.

ఆమెకు ఆ సిపాయిల్లో వార్తలు పంపే పిల్లవాడంటే ప్రాణం. వాడు భయస్తుడు, నిద్రలో కలవరిస్తాడు, అయినా ఎప్పుడూ చెప్పిన చోట నిలబడతాడు. వాడి మాట వచ్చినప్పుడల్లా ఆమె నాడె కొంచెం నిదానంగా పోయేది.

ఐదో పుస్తకంలో పదకొండో అధ్యాయం తెరిచేసరికి నా నోరు ఆగిపోయింది. కక్ష్యలు, అక్షాంశాలు, గురుత్వాకర్షణ, మధ్యలో అంకెలతో గుప్త సందేశాలు. మొదటి వాక్యమే మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు మింగాను. ఇద్దరూ ఎదురు చూస్తున్నారు. ఒత్తులు కూడబలుక్కుంటూ చదివితే వాళ్లేమీ అనరు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నేను ఆ కాగితాలన్నీ గుత్తగా పట్టి తిప్పేసి, పన్నెండో అధ్యాయం మొదలుపెట్టాను.

అందులో పిల్లవాడు లేడు. వాడి చోటు ఖాళీగా ఉంది.

“వాడు యాడికి పాయె అత్తా?” అంది కోడలు.

“పారిపాయినాడు” అన్నాను.

నాకు తెలియదు. తెలియదని చెప్పాలంటే కాగితాలు తిప్పిన సంగతి చెప్పాలి. అందుకే నోటికొచ్చిన మాట అనేశాను. ఆమె నాడె ఆపేసింది. “వాడట్ల చేసేటోడు కాదే” అని మళ్లీ నేయడం మొదలుపెట్టింది.

ఆ నెలలోనే కోయిలకుంట్లలో పాఠకుల సభ పెట్టారు. పుస్తకం రాసినాయన వస్తున్నాడు, చదివినవాళ్లు ఐదో భాగం మీద అభిప్రాయం చెప్పవచ్చని గ్రంథాలయంలో కాగితం అంటించారు. ఆయన మనవైపు మనిషే, ఎర్రగుంట్లలో సిమెంటు లారీల ఆఫీసులో పని. నేను ఊరికే చెప్పాను, కోడలు పట్టుకుంది.

“నేనూ వస్తా. ఆయప్పను ఒక మాట అడగాల.”

“నలుగురిలో నోరు పెగుల్తుందా నీకు?” అన్నాడు మొగుడు.

“నీతో దినామూ అరుస్తాండాగదా. అలవాటే.”

సభ నాటిదాకా ఆమె మగ్గం మీద ఆ మాటనే సాధన చేసింది. ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా. పెళ్లిళ్లలో కూడా వెనక వరుసలో కూర్చునే మనిషి.

సభలో రిటైరైన పంతుళ్లు, కాలేజీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు మాజీ సిపాయిలు ఉన్నారు. ఒకాయన యుద్ధ వర్ణన బాగుందన్నాడు. ఒకమ్మాయి నాలుగో భాగమే మేలంది. మాజీ సిపాయి ఒకాయన, కాపలాలో ఎవడూ అన్నిసార్లు టీ తాగడన్నాడు. అందరూ నవ్వారు, రాసినాయన కూడా నవ్వాడు.

కోడలు లేచింది. కొంగు భుజం మీదికి లాక్కుంది. మాట వణకలేదు.

“ఏమప్పా, ఆ వార్తలు పంపే పిల్లోన్ని నాలుగు పుస్తకాలు అన్నం పెట్టి సాకినట్ల సాకితివి. భయపడతానే నిలబడేటోడు వాడు. ఆఖర్న వాన్ని పిరికోన్ని చేసి పారిపోయేట్ల రాస్తివి. నీకు మనసెట్ల ఒప్పింది?”

రాసినాయన ఆమె వైపు తిరిగాడు.

“అమ్మా, వాడు పారిపోలేదు గదా. శత్రువులు తన వెంట పడాలని, మిగిలినోళ్లు బతకాలని, ఒక్కడే బయటికి పోతాడు. పై అధికారి అడిగితే వాడే నేను పోతానంటాడు. పదకొండో అధ్యాయమంతా అదే.”

వెనక నుంచి ఒక పంతులు, “పుస్తకం చదివి వచ్చింటే బాగుండు” అన్నాడు. అంతా నవ్వారు. టీల మాటకు నవ్విన నవ్వు కాదది.

కోడలు నా వైపు తిరిగింది. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. లేవలేదు. చదువుకున్న ముసలమ్మగా ఆ గదిలో నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు మరి.

“అట్లనా అప్పా” అంది ఆమె. “పోగు తెగిన్యప్పుడు ఆపమని చెప్పకపోతినేమో. మా అత్త అంతా చదివింటాది. తప్పు నాదే.”

ఆ కట్టుబాటు గురించి తెలియని వాళ్లకు ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆమె ఎన్నడూ ఆపమనకుండా ఉండలేదు. తన చెవులను తప్పు పట్టింది గానీ నా నోటిని తప్పు పట్టడం ఆమెకు తోచనే లేదు.

బస్సులో చెప్పేశాను. ఆ కాగితాలు తిప్పేశానని, పారిపోయాడన్నది నా మాటేనని. ఆమె కిటికీలోంచి శనగ చేలు చూస్తూ విన్నది.

“చదవను రాకపోతే రాలేదను. నాకు అసలు రాదు, నేనేమన్నా దాచుకుంటాండానా?” అంది. మళ్లీ, “నీ మాట నా నోట్లో పెట్టి ఆడ నిలబెట్టినావు” అంది.

మరుసటి రోజు నేనే పుస్తకం తీసుకొని పోయి పదకొండో అధ్యాయం చదివాను. ప్రతి ఒత్తు దగ్గరా ఆగాను. గురుత్వాకర్షణ అంటే ఏందని మొగుడు అడిగాడు, నాకు తెలియదన్నాను. “తెలియకుండానే పోయినాడా వాడు పైకి?” అన్నాడు. ఎవరమూ నవ్వలేదు. పిల్లవాడు బయటికి నడిచే చోట కోడలు పోగు తెగకుండానే “ఆపు” అంది. కళ్లు తుడుచుకొని, “ఊ” అంది.

చదవడం అయ్యాక అడిగాను, “ఇంకోసారి సభకు వస్తావా?”

“నేను రాను. నువ్వు పోయి చెప్పు.”

రెండు నెలల తర్వాత సభ పెట్టారు, పోయాను. రాసినాయన ఉన్నాడు, ఆ పంతులూ ఉన్నాడు. లేచి నిలబడి జరిగినదంతా చెప్పాను. పదాలు నోరు తిరగక కాగితాలు తిప్పానని, ఆమెకు అబద్ధం చెప్పానని, ఆమెను అందరూ నవ్వుతుంటే నోరు మూసుకున్నానని. నన్ను తిడతారనుకున్నాను. ఆ తిట్లు మోసుకుపోయి ఆమె ముందు దించుదామనుకున్నాను.

చప్పట్లు కొట్టారు. ఆ పంతులు ముందు లేచాడు. ఈ వయసులో ఈ నిజాయితీ ఎంతమందికి ఉంటుందన్నాడు. లేటు వయసులో చదువుకొని ఇంత లావు పుస్తకాలు చదవడమే గొప్పన్నాడు. రాసినాయన లేచి నా చేతికి ఆరో భాగం ఇచ్చాడు. ఒక పిల్ల ఫొటో తీసింది. వద్దు వద్దంటూనే నిలబడ్డాను. కోడలి మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ గుర్తు చేయలేదు.

ఇంటికొచ్చేసరికి కోడలు మగ్గం మీదే ఉంది.

“చెప్పినావా అత్తా?”

“చెప్పినా.”

“ఏమన్న్యారు?”

అబద్ధం చెప్పడానికి ఒక క్షణం నోరు ఆడింది. ఆపుకున్నాను.

“చప్పట్లు కొట్టినారు.”

ఆమె నాడె విసిరింది, పట్టుకుంది.

“నన్నేమన్న్యారు?”

“నీ గురించి ఏమీ అనలేదు.”

ఆమె తల ఊపి నేత సాగించింది. ఆరో భాగం నా ఒడిలో ఉంది. చదవమని ఆమె అనలేదు, చదవనా అని నేను అడగలేదు.