టీవీ లిఫ్ట్ ఆగిన చోటు

ఆ హోటల్‌కు తెల్ల లిఫ్ట్‌నే ఎందుకు ఎంపిక చేశానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆఫీసుకు ఇచ్చిన నోట్‌లో వేరే కారణాలు రాశాను. అవి అబద్ధాలు కావు, కానీ అసలు కారణం వాటిలో లేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని. అందులో కూడా ఈ సంగతి రాయలేదు.

ముందే చెబుతున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మా ఇంట్లో ఆ మాట ఆదివారం చర్చిలో చెప్పే వాక్యంలో తప్ప వినిపించదు. దయ్యాల కథలు మాత్రం చాలా ఇష్టంగా చదివాను. చదివి, లైటు ఆర్పేసి, హాయిగా నిద్రపోయే రకాన్ని. ఎవరైనా తమకేదో కనిపించిందంటే నాకు మొదట కలిగేది భయం కాదు, అనుమానం. ఇలా చెప్పడం వల్ల ఈ మనిషికి ఏం లాభం అని ఆలోచిస్తాను.

హోటళ్లకు, ఆఫీసులకు ఇంటీరియర్ పనులు చేసే చిన్న కంపెనీలో ఉద్యోగం నాది. మా ఇల్లు శంషాబాద్‌లోనే. అందుకని ఎయిర్‌పోర్ట్ దారిలో ఒక పాత హోటల్‌ను బాగుచేసే పని వచ్చినప్పుడు సైటు నాకు అప్పగించారు. నలుగురిలో నోరు విప్పలేను గానీ, ఒక వస్తువును నాలుగు వైపులా చూసి దాని గురించి రాయమంటే ఉత్సాహంగా రాస్తాను. టీవీ లిఫ్ట్‌ల ఎంపిక నా మీద పడింది అందుకే.

ఇవి చూడనివాళ్ల కోసం చెబుతాను. నడుం ఎత్తున ఒక చెక్క క్యాబినెట్ ఉంటుంది. రిమోట్ నొక్కితే పైమూత తెరుచుకుని లోపలి నుంచి టీవీ నిలువుగా లేస్తుంది. మళ్లీ నొక్కితే లోపలికి దిగి మూత పడుతుంది. ఇళ్లలో అయితే రోజుకు ఏ ఒకసారో లేస్తుంది. హోటల్లో పొద్దస్తమానం లేపుతూ దింపుతూ ఉంటారు. అంత వాడకానికి మోటారు వేడెక్కకుండా తట్టుకుంటుందా, మధ్యలో కరెంటు పోతే చేత్తో దింపవచ్చా, పాడైతే చెక్క పగలగొట్టకుండా విప్పవచ్చా అని చూడాలి. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. దిగేటప్పుడు ఎవరి చెయ్యి అయినా అడ్డమొస్తే అది ఆగాలి.

రెండు కంపెనీల నమూనాలు తెప్పించాం. సైటులో అందరూ వాటిని నల్లది, తెల్లది అనేవాళ్లు. నల్లది చప్పుడు లేకుండా చకచకా లేచేది. హోటల్ వాళ్లకు చూడగానే నచ్చింది. అడ్డమొస్తే ఆగే సెన్సర్ మాత్రం దానికి లేదు. తెల్లది నెమ్మది. ఏదైనా తగిలితే ఆగి, కాస్త పైకి లేచి, అక్కడే నిలబడుతుంది.

రెండింటినీ కింది అంతస్తులోని చిన్న హాల్లో కిటికీ గోడకు పక్కపక్కనే పెట్టించాను. పుట్టినరోజు పార్టీలకు ఇచ్చే హాలు అది. క్యాబినెట్ పైమూత సరిగ్గా పిల్లల చేతులకు అందే ఎత్తులో ఉంది.

మొదటి రోజే అక్కడ ఊడ్చే ఎల్లమ్మక్క నాకు జాగ్రత్త చెప్పింది. బుద్వేల్ నుంచి వస్తుంది. హోటల్‌ను బాగుచేయడం మొదలుకాక ముందు నుంచీ అక్కడే పని చేస్తోంది.

"ఈడ లిఫ్ట్ల ఒక చిన్నపిల్ల చెయ్యి నలిగిందట బిడ్డా. జర పైలం."

హోటల్ వెనక సామాన్లు మోసే పాత లిఫ్ట్ ఉంది. దాని జాలీ తలుపు సరిగ్గా పడదు. ఆమె దాని గురించే అంటోందనుకుని, ఆ తలుపు మార్పించమని హోటల్ వాళ్లకు చెప్పి ఊరుకున్నాను.

లిఫ్ట్‌లు బిగించింది నర్సింలు అన్న. కొత్వాల్‌గూడ మనిషి. మోటారుతో దిగే దేన్నయినా దింపే ముందు "చెయ్యి?" అని అడగడం ఆయన పద్ధతి. దగ్గరున్నవాళ్లు "లేదు" అని జవాబివ్వాలి. అప్పుడే మీట నొక్కుతాడు. మొదటిసారి నేను తల ఊపితే నొక్కలేదు.

"తల గాదు చెల్లె, నోటితోని చెప్పాలె. గిట్ల తల ఊపితే రేపు నీ పెళ్లిల పాస్టరుకు ఏమర్థమైతది, ఒప్పుకున్నవో లేదో?"

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటి నుంచి గట్టిగానే "లేదన్నా" అనేదాన్ని.

రెండింటినీ నడిపి చూసిన ఉదయం నల్లది బాగానే లేచి బాగానే దిగింది. తెల్లది మూత పడబోతూ ఆగింది. అరచెయ్యి పట్టేంత సందు మిగిలి ఉంది. కాస్త పైకి లేచి నిలబడింది. చెయ్యి అడ్డం పెడితే ఎలా ఆగాలో అచ్చం అలాగే. అక్కడ ఎవరి చెయ్యీ లేదు. మళ్లీ నడిపాం. మళ్లీ అక్కడే ఆగింది.

నా అనుమానం మొదట నల్లది అమ్మే మనిషి మీదికి పోయింది. ఏదో ఒక సాకుతో హాల్లోకి వచ్చి పోతుండేవాడు. హాలుకు తాళం వేసి తాళంచెవి నా బ్యాగులో పెట్టుకున్నాను. ఇంకో రిమోట్‌తో ఎవరైనా ఆపుతున్నారేమోనని, రిమోట్ సంకేతం అందుకునే పెట్టెను విప్పించి, నేరుగా స్విచ్‌తో నడిపించాను. అయినా ఆగింది. వరండాలోకి మార్పిస్తే ఆగకుండా దిగింది. తెచ్చి పాత చోట పెడితే ఆగింది. నేల వాలుగా ఉందేమోనని నర్సింలు అన్న మట్టం పెట్టి చూశాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది.

"సామాను మంచిగనే ఉన్నది చెల్లె. జాగనే మంచిగ లేదు," అన్నాడు.

అయితే నల్లదాన్ని ఆ జాగాలో పెట్టి చూద్దామన్నాను. పెట్టాడు.

"చెయ్యి?"

"లేదన్నా."

నల్లదానికి ఆగడం తెలియదు. చకచకా దిగింది, మూత పడింది. పడే క్షణంలో చిన్న చప్పుడు వినిపించింది. తలుపు సందులో తడిగుడ్డ పడి నలిగితే వచ్చేలాంటిది. నర్సింలు అన్న వెంటనే మూత ఎత్తి చూశాడు. లోపల ఏమీ లేదు. కొత్త చెక్క, తీగలు, అంతే. తడేమీ లేకపోయినా ఆయన చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఇగ దీన్ని ఈడ నేను నడిపియ్య."

"ఎందుకన్నా?"

"నడిపియ్య అన్న గద."

ఈసారి ఆయన్నే అనుమానించాను. తెల్లది అమ్మేవాళ్లు ఈయన్ని మచ్చిక చేసుకున్నారేమో, ఇదంతా నన్ను అటు తిప్పడానికేమో అనుకున్నాను. కానీ ఆ చప్పుడు నేను కూడా విన్నాను.

ఎల్లమ్మక్క మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆమె వరండా ఊడుస్తుంటే వెళ్లి అడిగాను, ఆ రోజు ఏ లిఫ్ట్ గురించి చెప్పావని. ఆమె హాల్లోకి వచ్చి చీపురు కొసతో తెల్లదాన్ని చూపించింది.

"గిసొంటిదే బిడ్డా. టీవీ లేస్తది సూడు, గది. గీ కిటికీ కాడనే ఉండెనట. నేనేం జూడలే, నాకంటె ముందున్నోళ్లు చెప్పిండ్రు."

ఇన్ని రోజులు నేను అనుకున్నది వెనకున్న సామాన్ల లిఫ్ట్. అయినా ఆమె మాట మాత్రం ఎందుకు నమ్మాలి? తను చూడలేదని తనే అంటోంది. హోటల్ మేనేజర్ దగ్గరికి వెళ్లాను. "ఈ హాల్లో ఇంతకుముందు టీవీ లిఫ్ట్ ఏమైనా ఉండేదా అండీ?" అని మాత్రమే అడిగాను. పిల్ల గురించి గానీ, చెయ్యి గురించి గానీ ఒక్క మాట అనలేదు.

"ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదమ్మా," అన్నాడాయన. అని, మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగాడు.

ఎవరికైనా ఏమైనా అయిందా అని నేను అడగలేదు కదా. ఆ మాటే చాలాసేపు నా చెవిలో తిరిగింది.

మరుసటి వారం మా మేనేజర్ ప్రసాదరావు గారు సైటుకు వచ్చారు. విజయవాడ ఆయన. కోపం వచ్చినా అందరినీ మీరు అనే పిలుస్తారు. కోపం వస్తే ఆ మీరు ఇంకాస్త గట్టిగా పలుకుతుంది.

"ఏమ్మా, అందరికీ నల్లది నచ్చితే మీకు తెల్లదే ఎందుకు నచ్చింది? ఆ కంపెనీ వాళ్లు మీతో ఏమైనా మాట్లాడారా?"

అన్ని రోజులు అందరినీ అనుమానించింది నేను. ఇప్పుడు అనుమానం నా వైపు తిరిగింది. జరిగింది చెబితే పిచ్చిదాన్ని అవుతాను. చెప్పకపోతే అమ్ముడుపోయినదాన్ని.

"పుట్టినరోజులకు ఇచ్చే హాలు సార్. పిల్లలు చేతులు పెడతారు."

"పెట్టకుండా పెద్దవాళ్లు చూసుకుంటారు కదండీ."

"చూసుకోకపోతే సార్?"

ఆయనకు ఎదురు మాట్లాడటం నాకు అదే మొదటిసారి. ఆయన నా వైపు, ఆ రెండు క్యాబినెట్ల వైపు చూశారు.

"సరే. కానీ రేపు హోటల్ వాళ్లు నెమ్మదిగా ఉందని గొడవ చేస్తే జవాబు మీరే చెప్పుకోవాలి."

చెప్పుకుంటానన్నాను. ఆ హోటల్ అంతటికీ తెల్లదే రాశాను. చిన్న హాల్లో క్యాబినెట్‌ను కిటికీ గోడ నుంచి ఎదురు గోడకు మార్పించాను. కిటికీ వెలుతురు వల్ల తెర సరిగ్గా కనిపించదని కారణం చెప్పాను. అది కూడా అబద్ధం కాదు. ఎదురు గోడకు మార్చాక తెల్లది ఒక్కసారి కూడా ఆగలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

తర్వాత నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. గోడలో ఇనుము ఉందేమో, తీగలు దగ్గరగా పోయాయేమో. సెన్సర్ కొంచెం ఎక్కువ సున్నితమని తెల్లది అమ్మే కంపెనీ ఇంజినీరు అన్నాడు. ఒప్పుకుందామనే అనుకున్నాను. కానీ నల్లదానికి అసలు సెన్సరే లేదు. మరి ఆ చప్పుడు ఎక్కడిది? ఈ రోజుకీ ఆ దారిలో బస్సులో పోతున్నప్పుడు హోటల్ వైపు చూడను.

నర్సింలు అన్నను అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఆయన షాద్‌నగర్ దగ్గర ఏదో ఫ్యాక్టరీ పనికి వెళ్లిపోయాడు. మా సైట్లకు మళ్లీ రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తడు. హోటల్‌ను అప్పగించిన రోజు ఉదయం, బిగిస్తున్న మర అలాగే వదిలి, పనిముట్లు సంచిలో వేసుకుని, నా పక్క నుంచే తలెత్తకుండా వెళ్లిపోయాడు. అందుకే అంతకు నిమిషం ముందు అన్నదే ఆయన నాతో అన్న చివరి మాట అయింది.

ఆ ఉదయం హాలంతా ఎండ పరుచుకుని ఉంది. ఒక విమానం బాగా కిందుగా పోతే కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. ఆయన ఎదురు గోడ దగ్గర, క్యాబినెట్ ముందు తలుపు తీసి, తల లోపల పెట్టి చివరి మర బిగిస్తున్నాడు. టీవీ పైకి లేచి ఉంది, దింపే రిమోట్ ఆయన పక్కనే ఉంది. అక్కడి నుంచి పైకి చూస్తే టీవీ దిగే సందు కనిపిస్తుంది. నేను గుమ్మంలో, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో నిలబడ్డాను. హాల్లో ఇంకెవరూ లేరు.

"చెయ్యి?" అన్నాడు లోపలి నుంచి.

"లేదన్నా," అన్నాను గట్టిగా.

మోటారు కదల్లేదు. వినిపించలేదేమో అనుకుని మళ్లీ అన్నాను. "లేదన్నా. నేను గుమ్మం కాడ ఉన్న."

లోపల పనిముట్టు కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత క్యాబినెట్‌లోంచి ఆయన గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"నీది గాదు చెల్లె."