నల్లజీడి పూసిన జపాను పెట్టె

నా చదువు గురించి మా ఇంట్లో ఒక కథ చెబుతారు. పెళ్లిచూపుల నాడు అమ్మవారు నా ఒంటి మీదికి వచ్చి, రొద్దం వాళ్లను వాకిట్లోంచే తిప్పి పంపి, నన్ను అనంతపురం కాలేజీలో చేర్పించిందట. ఊళ్లకు ఊళ్లను మంచం పట్టించే తల్లికి పెనుకొండలో నా బి.యస్సీ. చూసుకోవడం తప్ప వేరే పని లేదు పాపం. ఆ రోజు నా ముఖాన పొక్కింది అమ్మవారు కాదు, నల్లజీడి. చెబితే ఎవరూ వినరు. భక్తికి అడ్డం పడుతున్నానంటారు.

అసలు సంగతి జపాను పెట్టె దగ్గర మొదలైంది. మిలిటరీలో పనిచేసిన మా మేనమామ తెచ్చిన తమలపాకుల పెట్టె అది. అద్దంలాంటి నలుపు, మూత మీద బంగారు కొంగ. బర్మా యుద్ధంలో ఒక జపాను దొర మెచ్చి ఇచ్చాడని మామ చెప్పేవాడు. పెట్టె జపానుదే, అందులో అనుమానం లేదు. యుద్ధమంతా మామ బెంగళూరు గోడౌనులో దుప్పట్లు మడతపెట్టాడు.

నాయనకు ఆ పెట్టె ప్రాణం. ఎండ తగిలితే మెరుపు నిలుస్తుందని వారానికోసారి మిద్దె మీద పెట్టేవాడు. పగుళ్లిస్తే ఇంకాస్త ఎండ. రొద్దం వాళ్లకు తాంబూలం అందులోనే ఇవ్వాలని హుకుం. వాళ్లు పరాయివాళ్లు కాదు, అవ్వ పుట్టింటివాళ్లు. తమ్ముడి మనవడికి నన్నడిగిందీ అవ్వే. అప్పటికే కాలేజీ కాగితాలు వచ్చి సంతకం కోసం గూట్లో కూర్చున్నాయి. "వాళ్లు చూసి పోనీ, కుదరకపోతే అప్పుడు చూస్తాం" అన్నాడు నాయన.

వాళ్లు రావడానికి మూడు రోజుల ముందు, తుడుస్తుంటే మూత చేయి జారి అంచున పెచ్చు లేచింది. నాయన కంట పడితే ఇక సంతకం మాట మరిచిపోవచ్చు. చాకలామె బట్టల మీద గుర్తులు పెట్టే జీడిరసం గుర్తొచ్చింది. నల్లగా ఉంటుంది, ఎంత ఉతికినా పోదు. పోయి గింజలడిగాను.

"ఏంటికి పాపా? తగిలితే పొక్కుతాది."

"నాకు తెలుసులేమ్మా."

ఫస్టు క్లాసులో పాసైన దాన్ని కదా, నాకు తెలియనిదేముంది! గింజలు వేడి చేసి, రసం పిండి, వేలితో రుద్దాను. ఆరలేదు. ఇంకా రుద్దాను. చెమట పడితే అదే చేత్తో ముఖం తుడుచుకున్నాను.

మూడో రోజు పొద్దునకు కళ్లు తెరవలేనంత వాపు, చేతులనిండా నీటిపొక్కులు. అవ్వ వచ్చి నా వేళ్లు పట్టుకుని చూసింది. గోళ్ల చుట్టూ ఇంకా నలుపే. నా చేతుల మీదికి దుప్పటి లాగి, బయటికి కేకేసింది.

"అమ్మోరు పోసిండాది! వాకిట్లో యాపమండలు కట్టండి."

"టీకా ఏపిచ్చినాం కదమ్మా" అన్నాడు నాయన.

"ఏసినోన్ని పోయి అడుగు. నన్నడుగుతావేమి?"

బండి దిగిన అవ్వ తమ్ముడు వేపమండలు చూసి నిలబడిపోయాడు. "ఏమక్కా, పిల్లను చూసేదానికొస్తే అమ్మోరిని చూపిస్తాండావా?"

"ధైర్నముంటే లోపలికి రాప్పా, ఎవురొద్దన్న్యారు?"

అంత ధైర్యం ఆయనకు లేదు. చూపులకని నాయన నా కోసం తెచ్చిన ధర్మవరం చీర మడత విప్పకుండానే బీరువాలోకి పోయింది. వారం తిరక్కుండా రొద్దం వాళ్లు హిందూపురంలో ఇంకో పిల్లను ఖాయం చేసుకున్నారు. మచ్చల ముఖాన్ని ఎవరు చేసుకుంటారని దిగులుపడి నాయన సంతకం పెట్టాడు. స్త్రీవిద్య మీద ఆయనకున్న అభిమానం అది.

జపాను వాళ్లు ఒక చెట్టు బెరడు గీసి, కారిన పాలను చెక్క మీద పొర మీద పొరగా పూస్తారని కాలేజీలో బోటనీ మేడం చెప్పింది. ఆ చెట్టు మన జీడికి చుట్టమట, దాని పాలు తగిలినా పొక్కుతుందట. గాలిలో తేమ ఉంటేనే ఆ పూత గట్టిపడుతుంది, ఎండలో పాడవుతుంది. నాయన మిద్దె గుర్తొచ్చి నేను నవ్వితే మేడం నన్ను బయట నిలబెట్టింది.

అంతా బాగానే ఉంది. కానీ అమ్మవారు పోసిన ఇంట్లో పప్పుకు తిరగవాత కూడా పెట్టరు, నూనె పేరెత్తరు. ఆ వారమంతా అవ్వ తలుపు గడియ పెట్టి, నువ్వులు నూరి నా ముఖానికి పట్టించింది, చేతులకు కొబ్బరినూనె రాసింది. అది జీడిపొక్కులకు చేసే వైద్యం. గొర్రెల కాళ్ల పుండ్లకు జీడి పెట్టీ పెట్టీ వేళ్లు నల్లబడిన మనిషి ఆమె. నా గోళ్లు చూసి మోసపోయిందంటే నేను నమ్మను.

నా చదువు కోసం చేసిందా అంటే, కాలేజీ గురించి ఏనాడూ ఒక మంచి మాట అన్న పాపాన పోలేదు. తానే తెచ్చిన సంబంధం, సొంత తమ్ముడి ఇల్లు. పదేళ్లు తాను పెరిగిన ఆ ఇంటి గురించి ఏం తెలిసి, నన్ను ఆ గడప తొక్కనీయలేదు?