కొండ ఒంటి కొలత

"బట్టలు కుట్టుకునేదానివి, గుహల్లో నీకేం పనమ్మా?"

గుహల క్లబ్బు కార్యదర్శి ఈ ప్రశ్నని నలుగురిలో, మైకు చేతిలో పట్టుకుని మరీ అడిగాడు. ఆయన రిటైరైన ఇంజనీరు. ఆవిడేమో మేడమెట్ల కింద గదిలో ముప్పై ఏళ్ళుగా మిషను తొక్కుతున్న దర్జీ.

"కొలతలు తీస్తానండి. నాకొచ్చిన పని అదొక్కటే" అంది.

నవ్వేవాళ్ళు నవ్వారు. ఆవిడ సంచీలోంచి నాలుగు గుహల పటాలు తీసి బల్లమీద పరిచాక ఆ నవ్వు ఆగింది. బ్రౌన్ పేపరు మీద, గుడ్డ కత్తిరించేముందు గీతలు గీసే నీలం పెన్సిలుతో వేసినవి. ఎక్కడ వంగాలో, ఎక్కడ పాకాలో, ఎక్కడ పక్కకి తిరిగి దూరాలో అంగుళాలతో సహా ఉంది. కార్యదర్శి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆ నాలుగూ క్లబ్బు అచ్చు వేసింది.

గుహల గురించి రాసేవాళ్ళకో జబ్బుంది. లోపల అడుగుపెట్టగానే మౌనం మాట్లాడిందనీ, భూమి కడుపులో మళ్ళీ పుట్టామనీ రాసేస్తారు. ఈవిడ దగ్గర ఆ పప్పులుడకవు. "చల్లగా ఉంటుంది. గౌను నిన్నే ఇస్తానన్నావుగా అని నిలదీసేవాళ్ళుండరు. మలుపు తిరిగితే ఏముందో తెలీదు. ఇంకేం కావాలి?" అంటుంది. మొదటిసారి ఒక సెలవుకి అందరిలాగే టిక్కెట్టు కొనుక్కుని, దీపాలు పెట్టిన గుహ చూడబోయింది. "ఇంతటితో అయిపోయింది" అని గైడు చెప్పిన చోట గోడ అడుగున బెత్తెడు సందు కనిపించింది. "అయిపోవడమేంటి? అందులోంచి గాలొస్తుంటే!" అని ఇల్లు చేరేదాకా మొగుణ్ణి వేపుకు తింది. అది పదకొండేళ్ళ కిందటి మాట. అప్పట్నుంచి సెలవొస్తే చాలు, గుహో, మూతపడ్డ గనో.

వెళ్ళేది ముగ్గురు. భర్త పోస్టాఫీసులో గుమాస్తా. లిఫ్టు ఎక్కాలన్నా చెమటలు పడతాయి. ఆయన గుహ బయటే కూర్చుని, వాళ్ళు ఎన్నింటికి లోపలికెళ్ళారో పుస్తకంలో రాసుకుని, చెప్పిన టైముకి రాకపోతే ఊళ్ళోకి పరిగెత్తే ఉద్యోగం చేస్తాడు. లోపలికెళ్ళేది ఈవిడా, ఈవిడ ఆడపడుచూ. ఆడపడుచు స్కూలు బస్సు నడుపుతుంది. మనిషి దిట్టం, గొంతు అంతకంటే దిట్టం.

పటాలు అచ్చయిన ఏడాది సెలవుల్లో వాళ్ళు పట్టుకున్నది ఎనభై ఏళ్ళ కిందట మూసేసిన సీసపు గని. మూడో సొరంగం చివర గోడలో అడ్డంగా ఒక చీలిక. దర్జీ అందులోకి నడుందాకా దూరి ఒక రాయి విసిరింది. కాసేపటికి నీళ్ళలో పడ్డ చప్పుడు వినిపించింది. దీపం వేస్తే అవతలి గోడ అందలేదు! అది గనివాళ్ళు తవ్వింది కాదు, కొండ తనంతట తాను దాచుకున్న గుహ. ఒంటరిగా ముందుకి పోకూడదన్నది వాళ్ళు పెట్టుకున్న నియమం గనక, ఆవిడ ఆ చీలిక కొలిచి, పళ్ళు నూరుకుంటూ వెనక్కొచ్చింది.

పటం చూసిన కార్యదర్శి మెత్తబడ్డాడు గానీ లొంగలేదు. "ఇద్దరు మనుషులు ఈ పటం పట్టుకుని అవతలికి వెళ్ళి క్షేమంగా తిరిగొస్తే అచ్చు వేస్తాం" అన్నాడు. ఈ ఒక్క షీటుతో ఆవిడ కొలత నిలుస్తుందో పోతుందో తేలిపోవాలి.

పటంలో చీలిక ఎత్తు పన్నెండు అంగుళాలు. ఆడపడుచు దుకాణంలో కటింగు బల్లమీద, గుహల చలికి వదిన కుట్టిచ్చిన దూది కోటుతో సహా వెల్లకిలా పడుకుంది. వదిన ఆమె ఛాతీ మీద స్కేలు ఆనించి చూసింది. పదకొండు.

"అంగుళం మిగిలిందన్నమాట. దార్లో టిఫినుకి ఆగొచ్చు" అంది ఆడపడుచు.

మర్నాడు వెళ్ళారు. నాలుగింటికల్లా బయటికి రాకపోతే మనుషుల్ని తెస్తానని భర్త చెప్పాడు. దర్జీ బక్కమనిషి, ముందు తనే చీలికలో దూరి, అవతల రాతి అరుగు మీదికి చేరింది. వెనక ఒక చెయ్యీ తలా, తర్వాత భుజాలూ వచ్చాయి. అంతే, ఆగిపోయాయి.

"వదినా."

"ఊఁ."

"రావట్లేదు."

"ఊపిరి వదిలి రా."

"వదిలాను. మళ్ళీ పీల్చుకోనివ్వట్లేదు నీ కొండ."

"వెనక్కి జరుగు."

"అదీ అవట్లేదు. కోటు ముడుచుకుపోయింది." ఇంకోసారి గింజుకుని, "పన్నెండన్నావు కదే!" అంది. వదినని ఎప్పుడూ "ఏవే" అనని మనిషి.

"పన్నెండే. నా చేత్తో రాశాను."

రెండూ పది. ఊళ్ళోంచి మనుషులు రావాలంటే ఎంత లేదన్నా ఆరవుతుంది. ఆడపడుచు ఊపిరి కుక్కపిల్ల ఊపిరంత పొట్టిగా ఆడుతోంది. దర్జీ సంచీ తడిమింది. కుట్లు విప్పే చిన్న కొక్కెం ఆవిడ సంచీలో ఎప్పుడూ ఉంటుంది.

"కదలకు. కోటు విప్పుతున్నాను."

"ఎక్కడ విప్పుతావు, చెయ్యి కూడా ఆడట్లేదు నాకు!"

"నేను కుట్టింది నేను విప్పలేనా?"

దీపం వెలుగు ఆడపడుచు తల దాటి పోవడం లేదు. దాంతో పనీ లేదు. చంక కింద కుట్టు ఎక్కడ మొదలవుతుందో, భుజం దగ్గర ఎక్కడ ముడేసిందో వేళ్ళకి తెలుసు. కోటు చెయ్యి ఊడింది. భుజం విడింది. పక్క కుట్టు దగ్గర కొక్కెం మొరాయించింది. గట్టిగా ఉంటుందని రెండు వరసలు వేసింది మరి! తనని తనే తిట్టుకుంటూ ఒక్కో పోగూ తెంపింది. లోపలి గుడ్డ చీలగానే చెయ్యి దూర్చి, ఛాతీ కింద నుంచి దూది పీకడం మొదలుపెట్టింది. గుప్పెడు, ఇంకో గుప్పెడు, ఇంకోటి. అరుగంతా తెల్లగా అయిపోయింది. ఉన్నట్టుండి ఆడపడుచు నిండుగా ఊపిరి పీల్చింది. గుహ మొత్తానికి వినపడేంత గట్టిగా.

"వెనక్కి నెట్టనా, ముందుకి లాగనా?"

"ఇంత దూదీ పీకించుకుని చూడకుండా పోతానా? లాగు!"

లాగింది. ఇద్దరూ ఒకరి మీదొకరు పడ్డారు. లేచి దీపాలు పైకెత్తారు. వేలెడేసి స్ఫటికాలు కప్పు నిండా, గోడల నిండా, వెలుగు తగిలిన చోటల్లా భగ్గుమంటున్నాయి. కింద నీళ్ళు ఉన్నాయా లేవా అన్నంత తేటగా ఉన్నాయి. ఎక్కడా ఉలి దెబ్బ లేదు, మసి మరక లేదు. వీళ్ళకంటే ముందు ఇక్కడికి వచ్చిన మనిషి గుర్తు ఒక్కటీ లేదు. ఆడపడుచు స్టాపు దగ్గర పిల్లల్ని పిలిచినట్టు "ఓయ్!" అని కేక పెట్టింది. అది మూడుసార్లు తిరిగొచ్చింది. ఇద్దరూ చేతులు పట్టుకుని ఆ దూదిలో గెంతారు. ఒకరికి నలభయ్యారు, ఇంకొకరికి నలభై.

గెంతడం అయ్యాక దర్జీ మెడలోంచి టేపు తీసి చీలిక మళ్ళీ కొలిచింది. "పదిన్నర" అని పైకే అని, పుస్తకంలో రాసింది.

ఆడపడుచు తొంగిచూసింది. "వదినా, పదిన్నరన్నావు. పన్నెండు రాశావు."

దర్జీ తన చేతివంక చూసుకుంది. ఒంటి కొలత తీసి, మనసులో అంగుళమున్నర వదులు కలిపి, కుట్టాల్సిన కొలత రాయడం: ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యి చేస్తున్నది అదే. పెద్ద హాళ్ళనీ సొరంగాలనీ ముడులేసిన తాడుతో కొలిచేది గనక అవి సరిగ్గానే వచ్చాయి. ఇరుకు చోట్లకి మాత్రం మెడలోని దుకాణం టేపే వాడేది. ఆ టేపు పట్టుకుంటే చెయ్యి ఆవిడ మాట వినదు.

"కొండకి లూజు పెట్టావా వదినా! ఊపిరాడక బాధపడుతుందనా?"

పొట్ట పట్టుకుని నవ్వారు. ముందు నవ్వు ఆపింది దర్జీ. అచ్చయిన నాలుగు పటాలూ ఆవిడకి గుర్తొచ్చాయి.

పావు తక్కువ నాలుగింటికి బయటపడ్డారు. భర్త అప్పటికే చెప్పులేసుకుని నిలబడున్నాడు.

"కోటేదే?" అన్నాడు చెల్లెల్ని చూసి.

"కొండకి సరిపోయింది అన్నయ్యా, ఇచ్చేసి వచ్చాం."

సోమవారం దుకాణం మూసి దర్జీ కార్యదర్శి ఇంటికెళ్ళింది. నాలుగు పటాల్లోనూ ఇరుకు కొలతలన్నీ తప్పని చెప్పింది. ఆయన గొంతు తగ్గించి, "ఇప్పటిదాకా ఎవరూ ఇరుక్కోలేదుగా. వచ్చే ముద్రణలో సర్దుదాం" అన్నాడు.

"వచ్చే ముద్రణ దాకా మనిషి లోపలే ఉండాలాండీ?"

ఆ వారమే పాత పటాలు వెనక్కి పిలిపించారు. తొమ్మిది ఆదివారాలు వాళ్ళిద్దరూ నలభై ఒక్క ఇరుకు చోట్ల మళ్ళీ పాకారు. ఈసారి ఇనప టేపు. దర్జీ కొలవడం, ఆడపడుచు రాయడం. గని పటంతో కలిపి అయిదు షీట్లూ కొత్తగా అచ్చయ్యాయి. నాలుగు పాత షీట్లూ మళ్ళీ అచ్చు వేసిన ఖర్చు క్లబ్బు భరించాలా అని సభలో చర్చ లేస్తే, "తప్పు నాది, డబ్బూ నాదే" అని ఆవిడే ఒప్పుకుంది. ప్రెస్సువాడు పన్నెండు వాయిదాలిచ్చాడు. పది కట్టింది, రెండు ఇంకా బాకీ.