మూసీ గట్టు దిగిన మేడం

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి మా కెమిస్ట్రీ లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో మేడం వీడియో వచ్చింది. ఎప్పటిలాగే తెరవలేదు. పదకొండింటికి అదే గ్రూపులో వార్త. కాలేజీ ల్యాబ్‌లోనే గుండె ఆగి, మేడం పోయారట. మధ్యలో రెండు గంటలే. ఆమెకన్నా ఇరవై రెండేళ్లు పెద్దవాణ్ణి, నేనున్నాను. ఇంకా మింగుడుపడటం లేదు.

ఆ కాలేజీలో నేను హెడ్‌గా ఉన్నప్పుడు నా కింద పదేళ్లు పనిచేసింది. బేగంబజార్‌లో ఇత్తడి గిన్నెల దుకాణం వాళ్లది. ల్యాబ్‌కు కొత్త గాజు సీసా ఏదొచ్చినా గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకునేది. "గిన్నెలోళ్ల బిడ్డను సార్. పగులు కంటికన్న ముందు చెవికే తెలుస్తది" అనేది.

పురానాపూల్ దగ్గర మూసీ నీళ్లలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో ఏళ్లతరబడి కొలిచింది. కొలిచే తీరును రెండేసి నిమిషాల వీడియోలు తీసి తోటి లెక్చరర్లకు పంపేది. పుస్తకాల మధ్య ముసలివాణ్ణయిన నాకు ఒళ్లు మండింది. స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ అడిగాను.

"ఇది రీసెర్చా, మిర్చీబజ్జీ వీడియోనా?"

"కాగితంల లెక్క కనవడ్తది గని చెయ్యి కనవడదు సార్. తప్పు చేతిలనే ఉంటది."

"చెయ్యి చూసి చెప్పెటందుకు నేనేమన్న జాతకాలోణ్ణా?"

అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

అక్కడితో ఊరుకున్నానా? కంపుకు జడిసి నేనెప్పుడూ ఏటి గట్టు దిగలేదు. అటెండర్‌తో ఒక బకెట్ మూసీ నీళ్లు తెప్పించి, సీసాల్లో పోసి కొలిచాను. ఆక్సిజన్ ఆమె లెక్కకన్నా ఎక్కువ వచ్చింది. ఆమె లెక్కలు కల్పితమని నిండు సెమినార్‌లో అన్నాను. సెమినార్ నడిపే పెద్దమనిషి ఆమె పేపర్ తీసేశాడు. మళ్లీ ఏ సెమినార్‌కూ పిలవలేదు. ఆ వారమే నాకొక్కడికే ఒక వీడియో పంపింది. అదీ తెరవలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆమె పంపినవన్నీ వరసగా తెరిచాను. నాకొక్కడికే పంపిందీ వచ్చింది. గట్టు దిగి, కుచ్చిళ్లు దోపి, కుడిచేతి గాజులు తీసి పర్సులో వేసుకుంది. సీసాను ఏటవాలుగా ముంచి, నీళ్లలోపలే మూత బిగించింది.

"చూడుండ్రి సార్. బకెట్లకెళ్లి పోస్తే గాలి కలుస్తది. గందుకే మీకు ఎక్కువొచ్చింది. గింతే, ఫికర్ జెయ్యకుండ్రి. గ్రూపుల పెట్టలే, మీకే పంపిన."

గ్రూపులో పెట్టి ఉంటే నా పరువు పోయేది. నాది కాపాడి తనది పోగొట్టుకుంది.

ఆనాడు పేపర్ తీసేసిన పెద్దమనిషి ఇప్పుడు 'తీరని లోటు' అని రాశాడు. నవ్వినవాళ్లంతా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వాళ్లకూ, మీకూ చెబుతున్నాను: తప్పు లెక్క నాది. ఆమెది కాదు.

నిన్న నేనూ పురానాపూల్ దగ్గర గట్టు దిగాను. ఫోన్‌ను రాయికి ఆనించి, సీసా ముంచి, నేను చేసిన తప్పేమిటో చెప్పి గ్రూపులో పెట్టాను. మిగిలినవాళ్లంతా చూశారు. ఆమె నంబరును గ్రూపులోంచి ఇంకా ఎవరూ తీయలేదు. గ్రూపులో ప్రతి ఫోనుకూ చేరితేగానీ రెండో టిక్కు పడదట. నా వీడియో కింద ఒక్కటే ఉంది, బూడిద రంగులో.