సువార్తకు చెప్పని కబురు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండే అక్షరాలది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సువార్తా నేనూ ఓడలరేవు నుంచి ఒకే బస్సులో అమలాపురం వెళ్లి డిగ్రీ చదివాం. ఇద్దరికీ టీచర్లం కావాలనే ఆశ. బి.ఎడ్. ప్రవేశ పరీక్ష కలిసే రాశాం. తనకు మంచి ర్యాంకు వచ్చింది. నాకు రాలేదు.

వాళ్లింట్లో ఫోన్ లేక తను నా నంబరే ఇచ్చింది. ఒక సాయంత్రం మా లెక్చరర్ గారు ఫోన్ చేశారు. ఎల్లుండి కాకినాడలో సువార్త సర్టిఫికెట్ల పరిశీలన ఉందట. రూలు ప్రకారం ర్యాంకు ఎంత మంచిదైనా, స్వయంగా హాజరు కాకపోతే సీటు తర్వాతివాళ్లకు పోతుందట, తప్పకుండా చెప్పమన్నారు.

"ఆయ్, చెప్తానండి" అన్నాను.

మర్నాడు పొద్దున్నే సువార్త రేవు దగ్గర ఎదురైంది.

"మేస్టారు ఏవైనా కబురు చేసేరేంటే?"

"లేదే. చేస్తే చెప్పనా?"

"అవున్లే, నువ్వుండగా నాకేంటి" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఆ రోజు సాయంత్రానికి చెప్పినా మర్నాటి మొదటి బస్సు అందేది. చెప్పలేదు. అసూయా? కావచ్చు. తను హాస్టలుకు వెళ్లిపోతే నాకెవరున్నారన్న బెంగా, నాకంటే ముందే టీచరమ్మ అనిపించుకుంటుందన్న మంటా కలిసిపోయి, ఒక్క ఏడాదే కదా, మళ్లీ ఇద్దరం రాసి కలిసే వెళ్దాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సీటు పోయిందని తెలిశాక, మేస్టారికి ఫోన్ తగల్లేదేమోలే అని తనే నన్ను ఓదార్చింది.

ఆ మరుసటి ఏడాది తనకు దక్కలేదు. చేపల వేటకెళ్లే వాళ్ల నాన్న మంచాన పడ్డారు. సువార్త కువైట్ వెళ్లింది, ఎవరింట్లోనో పిల్లల్ని చూసుకునే పనికి. దూరం కాకూడదనుకున్న మనిషిని నేనే సముద్రం దాటించాను. నాకు సీటు వచ్చింది. ఇప్పుడు నేను టీచర్ని.

మొన్న ఫోన్ చేసి, ఒక్కసారి నీ క్లాసు వినాలనుందే అంది. ఫోన్ బల్ల మీద పెట్టి పాఠం మొదలుపెట్టాను. పిల్లలు పద్యం అందుకుంటే అటునుంచి తనూ గొంతు కలిపింది. పదాలు విడదీసి, చివరి బెంచీవాళ్లకు కూడా అందేలా, ఎంత చక్కగా చదివిందో! పిల్లలు నన్ను వదిలేసి ఫోన్ వైపు తిరిగారు. నేను బోర్డు వైపు తిరిగాను.

తను వచ్చేస్తే బాగుండునని రోజూ అనుకుంటాను. వస్తే ఏ మొహంతో ఎదురు వెళ్లను? క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు.

మేస్టారు కబురు చేశారు. నేనే చెప్పలేదు.

రాసేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.