డుంబ్రిగుడ మీద మా రికార్డు

డెబ్భైల చివర్లో నేను అరకులో చిన్న ఉద్యోగం వెలగబెడుతున్న రోజుల్లో, మా టీకొట్టులో ఫుట్‌బాల్ గురించి తెలియనివాడు ఒక్కడూ లేడు. ఆడటం వచ్చినవాడు కూడా ఒక్కడూ లేడు. ఆడేవాళ్లు శుక్రవారం సంతలో పసుపు, చింతపండు అమ్ముకుంటూ ఎండలో కూర్చునేవారు. మా చర్చ వినే తీరిక వాళ్లకు ఉండేది కాదు. ఆట తెలిసినవాళ్లెవరూ అడ్డు రాకపోవడంతో చర్చ మహా జోరుగా సాగేది.

సభకు శాశ్వత అధ్యక్షుడు స్టేషన్లో రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆయన ఒకప్పుడు కలకత్తా దగ్గర పనిచేసి, అక్కడి పెద్ద మైదానాల్లో మ్యాచ్‌లు కళ్లారా చూసి వచ్చాడు. దాంతో ఏ మాటైనా "కలకత్తాలో అయితే" అని మొదలుపెట్టే హక్కు ఆయనకు దక్కింది. బంతి గురించే కాదు, టీలో పంచదార తక్కువైనా కలకత్తా వచ్చి తీరేది. రెండో సభ్యుడు టీకొట్టు యజమాని. మైదాన ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఎవరు టీ తాగుతుంటే వాళ్ల పక్షం మాట్లాడేవాడు. మూడోవాణ్ణి నేను. బంతిని నేను ఒకే ఒక్కసారి తన్నాను, చెప్పు ఊడి బంతికంటే ముందు వెళ్లింది. అయినా జట్టు కూర్పు మీద నాకు ఖచ్చితమైన అభిప్రాయాలు ఉండేవి.

మా చర్చ ఎప్పుడూ ఒకే ఒక్క మనిషి గురించి. మా జట్టు మేనేజరు. ఆయన మా ఊరి శివారు గూడెం కొండమనిషి, రైలు లైను మీద పట్టాలు సరిచేసే గ్యాంగ్‌మన్. లైను వేస్తున్నప్పుడు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లతో ఆడి ఆట నేర్చుకున్నాడు. మేనేజరు అంటే మరేదో అనుకునేరు. బంతి లోపలి బ్లాడరుకి అతుకు వేయడం, తోలు విడిపోతే దబ్బనంతో కుట్టడం, పదకొండుమందిని పొలాల నుంచి పోగుచేయడం, సగం ఆట అయ్యాక నారింజ తొనలు పంచడం, ఓడిపోయాక మా చేత తిట్లు తినడం. ఈ చివరి పని ఏటా క్రమం తప్పకుండా ఉండేది.

ఎందుకంటే ఏటా పక్క ఊరు డుంబ్రిగుడ చేతిలో ఓడిపోయేవాళ్లం. మిగతా ఊళ్లతో ఎలా ఆడినా ఎవరికీ పట్టేది కాదు. చైత్రమాసం పండగ రోజుల్లో, రెండూళ్లకూ మధ్య కోసేసిన వరిమళ్లలో గట్లు చదును చేసి, డుంబ్రిగుడతో ఒక మ్యాచ్ ఆడేవారు. పందెం మేకపోతు. రెండూళ్లూ కలిసి కొనేవి. గెలిచినవాళ్లు దాన్ని సొంత ఊరికి తోలుకుపోవాలి. అయితే ఒక కట్టుబాటు ఉంది. ఆ సాయంత్రం ఓడిన ఊరివాళ్లను, ఆడవాళ్లతో సహా, పిలిచి కూర్చోబెట్టి, వండి, తమ చేత్తో వడ్డించాలి. అతిథులు లేచేదాకా గెలిచినవాడు మెతుకు ముట్టకూడదు. ఓడినవాళ్లను పంక్తి నుంచి లేపడమనేది ఆ కొండల్లో ఎవరూ వినని మాట.

అంటే ఏటా మేం ఓడిపోయి, డుంబ్రిగుడ నడిచి వెళ్లి, అడ్డాకుల్లో వేడన్నం, మేకమాంసం కూర కడుపారా తిని, జీలుగు కల్లు తాగి, తేన్చుకుంటూ తిరిగొచ్చి, ఇంత పరువు తక్కువ జట్టు ఇంకెక్కడా ఉండదని బాధపడేవాళ్లం.

మేనేజరు మీద అసలు నేరారోపణ వేరే ఉంది. ఆయన పెళ్లాం డుంబ్రిగుడ పిల్ల. తండ్రి ఆమెను ఇంకెవరికో ఇస్తానని మాటిచ్చాడు. ఆమె ఒక సంతరోజున ఈయన చెయ్యి పట్టుకుని వచ్చేసింది. ఇలాంటివి కొండల్లో జరగనివి కావు. పెద్దలు కూర్చుంటారు, తప్పు డబ్బు కడతారు, అందరూ కలిసి భోంచేస్తారు, అల్లుడు అల్లుడవుతాడు. కానీ ఆ తండ్రి ఆ భోజనానికి రానన్నాడు. కూతురు తన గుమ్మం తొక్కకూడదన్నాడు. సంతలో ఎదురుపడినా తల్లి పలకరించకూడదన్నాడు. ఇంతకీ ఆ తండ్రి ఎవరంటే, డుంబ్రిగుడ జట్టు మేనేజరు.

ఏడాది పొడుగునా ఆ తల్లీకూతుళ్లకు మాటల్లేవు. మ్యాచ్ ఓడిన సాయంత్రం మాత్రం కూతురు ఓడిన ఊరి మనిషి, అతిథి. ఆ పూట తండ్రి మాట చెల్లదు. ఆమె తిన్నగా వెళ్లి తల్లి చూరు కింద కూర్చునేది. తల్లి వడ్డించేది. మామగారు అల్లుణ్ణి పేరుపెట్టి పిలిచేవాడు కాదు. అటు తిరిగి, గాల్లోకి, "ఓడినోళ్లు అన్నాలకి రావాల" అనేవాడు. మేమంతా వెళ్లేవాళ్లం. తల్లి ఆకులో కూర వడ్డిస్తూ కూతురి భుజం నిమరడం మేమంతా చూశాం. చూసి, తిరిగొచ్చాక దాన్ని సాక్ష్యంగా వాడుకున్నాం.

"అత్తింటి కూడు కోసం ఊరి పరువు అమ్మేస్తన్నాడు" అని టీకొట్టాయన తేల్చాడు. అప్పుడు టీ తాగుతున్నది పాయింట్స్‌మన్.

దీనికి తోడు పాయింట్స్‌మన్ దగ్గర తిరుగులేని రుజువు ఒకటి ఉంది. మా జట్టులో ఒక కుర్రవాడు ఉండేవాడు. అడ్డాకు మోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగుతున్నా అతన్ని దాటినవాడు లేడు. అంత పరుగు ఉన్నవాణ్ణి మా మేనేజరు డుంబ్రిగుడ మ్యాచ్‌కి మాత్రం తీసుకెళ్లి గోల్లో నిలబెట్టేవాడు. ఎందుకయ్యా అంటే, "ఆడి సేతులు పెద్దవి" అనేవాడు. అతని చేతులు అందరి చేతుల్లాగే ఉండేవి. నేను దగ్గర్నుంచి చూశాను.

కలకత్తాలో అయితే ఇలాంటి మేనేజర్ని మైదానం నుంచి ఇంటిదాకా తరుముతారట. మేం అంత దూరం పోలేదు. ఒక శుక్రవారం, పండగకు ముందు, ఆయన్ని టీకొట్టుకు పిలిపించి, చాలా మర్యాదగా, టీ ఇప్పించి మరీ పదవి తీసేశాం. డుంబ్రిగుడ మీద ఆయన రికార్డు ఏమిటో పాయింట్స్‌మన్ వివరించాడు. పెద్దగా వివరించాల్సింది లేదు గనక బేగానే అయిపోయింది. కొత్త మేనేజరుగా ఎవరుంటారన్న ప్రశ్న వచ్చింది. పాయింట్స్‌మన్ వద్దు వద్దంటూనే లేచి నిలబడ్డాడు.

మా పాత మేనేజరు టీ పూర్తిగా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆయన కోప్పడితే బాగుండేది. మేం దానికి సిద్ధపడి వచ్చాం.

"నాకేటి, రేపణ్ణించి నా పని నాను సూసుకుంతాను. ఈ మాట మాత్రం మీరే ఎల్లి మా ఇంటిదానికి సెప్పండి" అన్నాడు.

ఎవరూ వెళ్లలేదు. నాకు ఆఫీసులో పని ఉంది. టీకొట్టాయనకు పాలు పొంగుతున్నాయి. పాయింట్స్‌మన్‌కు జట్టు బాధ్యత మీద పడింది. పదవి తీసేసినా బంతి కుట్టే పని మాత్రం ఆయనకే వదిలేశాం, మరీ అంత కృతజ్ఞత లేనివాళ్లం కాము.

మ్యాచ్ రోజు వచ్చింది. కొత్త మేనేజరు రెండు కలకత్తా పద్ధతులు అమలు చేశాడు. ఒకటి, అందరికీ ఒకే రంగు బనియన్లు కావాలన్నాడు. దొరకలేదు. రెండోది, పరుగుగాణ్ణి గోల్లోంచి తీసి ముందు వరసలో పెట్టాడు. అంతే. ఆట సగం కాకుండానే ఆ కుర్రవాడు బంతితో డుంబ్రిగుడవాళ్లందర్నీ దాటుకుపోయి గోలు కొట్టేశాడు. తర్వాత వాళ్లు ఎంత కొట్టుకున్నా కుదరలేదు. మేం గెలిచాం. టీకొట్టాయన నన్ను కౌగిలించుకున్నాడు. గోలు నేనే కొట్టినంత గర్వంగా మేకపోతు తాడు పట్టుకుని ఊళ్లోకి నడిచాను. అది దారి పొడుగునా నన్ను లాక్కుపోయింది.

గెలవడం అంటే ఏమిటో మాకు ఊళ్లోకి వచ్చాకే అర్థమైంది. కట్టెలు కొట్టాలి. నీళ్లు మోయాలి. డుంబ్రిగుడ ఊరు ఊరంతా నడిచి వస్తోంది. ఇన్నేళ్లూ విస్తరి ముందు కూర్చోవడం తప్ప మాకు ఇంకో అలవాటు లేదు. నేను ఉల్లిపాయలు తరిగాను. పాయింట్స్‌మన్ పొయ్యి ఊది ఊది కళ్లు ఎర్రజేసుకున్నాడు. కలకత్తాలో గెలిచిన జట్టు ఎవరికీ వండిపెట్టదట. ఆ సంగతి ఆయన రెండుసార్లు చెప్పాడు.

అతిథులు పంక్తుల్లో కూర్చున్నారు. మామగారు కూడా వచ్చాడు, రాక తప్పదు. ఆయన పక్కన ఆయన భార్య. మా పాత మేనేజరు పెళ్లాం అన్నం గంప పట్టుకుని వరసగా వడ్డిస్తూ వస్తోంది. తల్లి దగ్గరకు రాగానే ఆమె చెయ్యి ఆగింది. తల్లి తలెత్తలేదు. కూతురు ఆకులో అన్నం పెట్టి, తండ్రి ముందు వంగింది.

ఆయన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. కూతురితో మాట్లాడలేదు. మా కొత్త మేనేజరు వైపు తిరిగాడు.

"ఏటేటా ఆణ్ణి గోల్లో పెట్టి నా అల్లుడు ఓడిపోతన్నాడని నాకు తెల్దనుకున్నారేటి?" అన్నాడు. "ఆట నానూ సూత్తన్నాను. ఈ యేడు ఆణ్ణి ముందుకి పంపినారు. అంటే నా కూతురు గుంట మా ఇంటికి ఇంక రానని సెప్పిందేటి?"

 మామగారు లేచాడు. భార్య కూడా లేవాల్సి వచ్చింది. లేస్తూ, ఆమె ఆ అన్నాన్ని అడ్డాకులోనే మూటకట్టి కొంగులో పెట్టుకుంది. కూతురు గంప పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా పాత మేనేజరు వచ్చి ఆ గంప ఆమె చేతుల్లోంచి తీసుకుని, మిగతా పంక్తికి తనే వడ్డించాడు. పదవిలో లేని మనిషి. అతిథులు లేచాక మేం తినడానికి కూర్చుంటే, నా ఆకులో మాంసం అలాగే మిగిలిపోయింది. ఉప్పు ఎక్కువై మిగిలిందని ఇంటికొచ్చి అనుకున్నాను, కానీ ఉప్పు సరిగ్గానే ఉంది. నాకు సిగ్గేసింది, అంతే.

తర్వాతి శుక్రవారం టీకొట్టులో జట్టు మీద జరిగిన చర్చ మా చరిత్రలో అతి చిన్నది. పాయింట్స్‌మన్ తన పదవి తనే వదులుకున్నాడు. ఒంట్లో బాగోలేదన్నాడు. ఎవరూ ఏం జబ్బని అడగలేదు. పాత మేనేజర్నే మళ్లీ పెట్టాలని అన్నాను. ఆయన అర్హత ఏమిటని టీకొట్టాయన అలవాటు కొద్దీ అడిగాడు.

"డుంబ్రిగుడ మీద ఆయనకున్న రికార్డు ఇంకెవరికుంది?" అన్నాడు పాయింట్స్‌మన్.

ఈసారి ఆ మాట వాళ్లింటికి వెళ్లి చెప్పడానికి ముగ్గురం బయల్దేరాం. మేనేజరు పెళ్లాం గుమ్మంలో కూర్చుని ఉంది. విని, సరేనని తల ఊపి, మాకు రాగి అంబలి పోసింది.

మరుసటి చైత్రంలో పరుగుగాడు గోల్లో నిలబడ్డాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ ముందు వరసలో గోలు కొట్టిన పొగరు ఇంకా దిగలేదేమో, డుంబ్రిగుడ కొట్టిన మొదటి బంతిని గాల్లోకి ఎగిరి మరీ పట్టేశాడు. అంత అందమైన పట్టు మా లోయ చూడలేదు. మా వైపు నుంచి చప్పట్లే లేవు. టీకొట్టాయన తల పట్టుకున్నాడు. కుర్రవాడు మా ముఖాలు చూశాడు. ఆ తర్వాత వచ్చిన బంతి అతని కాళ్ల మధ్య నుంచి నెమ్మదిగా వెళ్లింది. డుంబ్రిగుడవాళ్లకంటే మేమే ముందు ఈలలు వేశాం.

ఆట అయిపోయాక మామగారు ఎప్పటిలాగే అటు తిరిగి, "ఓడినోళ్లు అన్నాలకి రావాల" అని గాల్లోకి అన్నాడు. అని, వెళ్లిపోకుండా ఆగాడు. మెల్లిగా ఇటు తిరిగి, మా మేనేజరు వైపు చూశాడు.

"బేగి రండి. దాని అమ్మ పొద్దుటేల నుంచి ఏటీ తిన్నేదు" అన్నాడు.

ఇలాంటప్పుడు కలకత్తాలో ఏం చేస్తారో పాయింట్స్‌మన్ చెప్పలేదు. అందరికంటే ముందు కూతురు నడిచింది, ఆమె వెనక మేం బేగి బేగి నడిచాం.