ఉమ్ అల్ క్వైన్ తీరాన పదో దెబ్బ

ఉమ్ అల్ క్వైన్‌లో పడవ షికార్లు ఎక్కడ బాగుంటాయని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. నేను చెప్పేది అదే తీరం సంగతి, కాకపోతే ఎనభైల మొదట్లోది. అప్పుడు నేను దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో ఒక చిన్న క్లినిక్‌లో నర్సుని. మాది పాలకొల్లు పక్క ఊరు, సిస్టర్ల హాస్టల్లో చదువుకున్నదాన్ని. నాకు దయ్యాలంటే భయం లేదు, మా మేట్రన్ అంటే ఉండేది. ఆ ప్రయాణం మొదలైంది మల్లేశం జ్వరంతో. అతనిది జగిత్యాల వైపు. ఉమ్ అల్ క్వైన్ దాటాక సముద్రం పక్కన రోడ్డు వేస్తుంటే అక్కడ పికప్ నడిపేవాడు. సూది వేస్తుంటే భయంగా తలుపు వైపు చూశాడు. సూదికి కాదట.

“మా క్యాంపు ముంగట పాత ఊరున్నదక్కా. మనుషులెవ్వరు లేరు. పొద్దు గూకంగనే ఆడికెళ్ళి ఇనుము కొట్టిన సప్పుడొస్తది. మా పోరగాళ్ళు ఒక్కడు బయటకు పోతలేడు,” అన్నాడు. ఎలా కొడతారో చూపించమంటే మంచం పట్టీ మీద వేలి ఉంగరంతో కొట్టాడు. మూడు, ఆగి మూడు, మళ్ళీ ఆగి మూడు. తర్వాత వరసపెట్టి చాలా.

దూది నా చేతిలో అలాగే ఉండిపోయింది. అది త్రికాల జపం గంట, చర్చిల్లో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కొట్టేది. హాస్టల్లో రోజూ ఆ గంటకి లేచి నిలబడేవాళ్ళం. మూడేసి చొప్పున మూడుసార్లు, చివర తొమ్మిది. “చివర తొమ్మిదేగా?” అన్నాను. “పది,” అన్నాడు. లెక్క తప్పావన్నాను. “తప్పలేదక్కా. తొమ్మిది కొట్టి, జరసేపాగి ఇంకొక్కటి. గా ఒక్కదానికే ఒళ్ళు జల్లుమంటది.”

ఆ శుక్రవారం చర్చిలో పూజ అయ్యాక ఫాదర్ గారికి ఈ సంగతి చెప్పాను, కాస్త నవ్విద్దామనే. ఆయన ముసలి తెల్లాయన. జీవితమంతా ఆఫ్రికా తూర్పు తీరంలో ఒక మిషనరీ సభ తరఫున పనిచేసి, గుండె జబ్బు వచ్చి స్వదేశం పోతూ దారిలో మా గుడిలో కొన్నాళ్ళు ఆగారు. ఆదివారం విమానం. పది అని చెప్పగానే ఆయన మొహంలో నవ్వు పోయింది. “ఈరోజే వెళ్దాం,” అన్నారు.

మధ్యాహ్నం మూడింటికి అజ్మాన్‌లో షేర్ టాక్సీ ఎక్కాం. తలా మూడు దిర్హాములు, అరగంట పైన ప్రయాణం. ఒకపక్క ఇసుక, ఒకపక్క ఉప్పు నేల తప్ప చూడ్డానికేమీ లేదు కనుక ఆయన చెబుతుంటే విన్నాను. వాళ్ళ సభ ఆ తీరానికి వెళ్ళేసరికి బజారులో మనుషులను అమ్ముతున్నారట. గురువులు, అంటే ఆ సభ ఫాదర్లు, డబ్బిచ్చి పిల్లలను విడిపించారు. వాళ్ళకోసం కొబ్బరితోట, బడి, వడ్రంగం, మందుల గది పెట్టారు. ముందు వాళ్ళ భాష నేర్చుకోవాలి, తర్వాతే ప్రసంగం అని కట్టడి. వెళ్ళిన కుర్ర గురువులు చాలామంది మలేరియాతో అక్కడే పోయారు. “మేమిచ్చే డబ్బు చూసే ఇంకొందరిని పట్టుకొచ్చారని మాలోనే కొందరు అనేవారు. కాదని నేనెప్పుడూ అనలేకపోయాను,” అన్నారు.

అమ్మకాలు నిషేధించాక కూడా పడవలవాళ్ళు దొంగచాటుగా పిల్లలను ఎత్తుకుపోయేవారట. ఆయన పుట్టకముందు, ఆ మిషన్‌లో సాయంత్రం గంట కొట్టే పని అన్నా అనే పిల్లది. ఒకరోజు తొమ్మిది కొట్టి, గవ్వలేరుకోవడానికి సముద్రం ఒడ్డుకి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. దగ్గర రేవుల్లో వెతికి, దొరక్క, ఊరుకున్నారు. మర్నాటి నుంచి ఆమె పేరున చివర ఒక గంట అదనంగా కొట్టడం మొదలుపెట్టారు. కొత్తగా వెళ్ళిన ప్రతి గురువుకీ ఈ కథ చెప్పేవారట. “ఇంకే మిషన్‌లోనూ పది కొట్టరు. ఆ పదోది ఆమె పోయాక పెట్టింది. ఆమెకు తెలిసే వీలే లేదు,” అన్నారు. అంత ఉక్కలోనూ నా వీపు చల్లబడింది.

ఉమ్ అల్ క్వైన్ రౌండెబౌట్ దగ్గర, నా కబురందుకుని మల్లేశం పికప్‌తో ఉన్నాడు. ముగ్గురం చాయ్ తాగాం. “ఈ పెద్దమనిషినెందుకు తెచ్చినవక్కా, భూతవైద్యమా?” అని గొణిగాడు. “జ్వరం తగ్గింది కదా, నోరు మూసుకుని బండి నడుపు,” అన్నాను. నిజానికి నేను రెండో చాయ్ అడిగింది ఆలస్యం చేయడానికే.

ఊరి బయట బండి ఆపి నడిచాం. సముద్రపు రాయితో కట్టిన ఇళ్ళు, గోడల నిండా గవ్వలు. ప్రభుత్వం పట్నంలో కొత్త ఇళ్ళిస్తే అందరూ అక్కడికి వెళ్ళిపోయారట. తలుపులు తీసే ఉన్నాయి. ఒక కుక్క లేదు, కాకి లేదు. గాలి లేకపోయినా ఈతాకుల తడికెలు గరగరమంటున్నాయి. ఇసుకలో ఒకే మనిషి అడుగులు, ఎన్నో రోజులవి. అన్నీ లోపలికి వెళ్ళినవే. తిరిగి వచ్చినవి ఒక్కటీ లేవు. మల్లేశం నా చున్నీ కొస పట్టుకున్నాడు. నేను వదిలించుకోలేదు.

పొద్దు వాలుతుండగా మొదలైంది. మూడు. మూడు. మూడు. ఫాదర్ గారి పెదవులు జపంలో కదులుతున్నాయి, కాళ్ళు మాత్రం చప్పుడు వైపు వెళ్తున్నాయి. చివరి ఇంటి వెనక, ఈతదుంగకు వేలాడదీసిన పాత పడవ లంగరు, దాని ముందు నల్లబట్టల్లో ఒక ముసలామె. రాయితో కొడుతోంది. తొమ్మిది అయ్యాక సముద్రం వైపు చెవి పెట్టింది. ఆగింది. ఇంకొకటి కొట్టింది.

ఫాదర్ గారు స్వాహిలీలో పలకరించారు. ఆమె చేతిలో రాయి జారిపోయింది. ఆ భాష విని చాలా ఏళ్ళయిందట. పేరు సల్మా. వాళ్ళు మాట్లాడుకున్నది ఆయన నాకు ఇంగ్లీషులో చెప్పారు, నేను మల్లేశానికి చెప్పాను. అన్నా ఆమె తల్లే. ముత్యాలు తీసే పడవల యజమాని ఆమెను కొన్నాడు, తర్వాత ఇక్కడే పెళ్ళయింది, ఇక్కడే పోయింది. “నేను నమాజు చేసేదాన్ని, మీ జపం నాకు తెలియదు. వాళ్ళు వెతుక్కుంటూ వస్తే వినబడాలి, ఆపొద్దు అని అమ్మ చెప్పింది. అందుకే రోజూ కొత్త ఇంటి నుంచి నడిచొస్తాను. పోయేటప్పుడు తడి ఇసుక మీద పోతాను, కాళ్ళకు చల్లగా ఉంటుంది,” అంది. అడుగుల సంగతి తేలింది. నాకు ధైర్యం రాలేదు.

“పదోది ఎవరు నేర్పారు?” అని ఫాదర్ గారు అడిగారు.

“ఎవరూ నేర్పలేదు. తొమ్మిదయ్యాక అటునుంచి ఒకటి వినిపిస్తుందనేది అమ్మ. దానికి బదులు కొట్టేది. నాకెప్పుడూ వినబడలేదు. అమ్మ ఆగినంతసేపు ఆగి కొడతాను, అంతే.” తర్వాత ఆయన మొహంలోకి చూసి అడిగింది: “మా అమ్మను వెతికారా, మర్చిపోయారా?”

ఆయన కిందపడ్డ రాయి వైపు చూశారు. “వెతికాం. ఇంత దూరం రాలేదు. రావలసింది. మర్చిపోలేదు, రోజూ ఆమె పేరున ఒకటి కొట్టాం,” అన్నారు.

సల్మా రాయి తీసి ఆయన చేతిలో పెట్టింది. “వాళ్ళొచ్చిన రోజు వాళ్ళచేత కొట్టించు, ఆ తర్వాత నువ్వు ఇంటికి పో అంది అమ్మ.” ఫాదర్ గారు కొట్టారు, ఒక్కటే. చప్పుడు నీళ్ళ మీదుగా వెళ్ళిపోయింది. అందరం అటే చూస్తున్నాం. పడవ లేదు, దీపం లేదు. అప్పుడు చాలా దూరం నుంచి, సముద్రంలోంచి, గంట ఒక్కసారి మోగింది.

“అక్కా, ఇనవడ్డదా?” అన్నాడు మల్లేశం. నేను తలూపాను. సల్మా ఇసుకలో కూలబడి ఏడుస్తోంది. ఆమెకు వినబడటం అదే మొదటిసారి. “ఖలాస్,” అంది, “అమ్మా, ఖలాస్.” అయిపోయింది, ఇక చాలు అని.

ఫాదర్ గారు అనుకున్నట్టే ఆదివారం వెళ్ళిపోయారు. క్యాంపు వాళ్ళకు ఆ చప్పుడు మళ్ళీ వినబడలేదని, సాయంత్రాలు బయట చాపలేసుకుంటున్నారని మల్లేశం చెప్పాడు. ఏ ఓడ గంటో అయ్యుంటుందని నేను చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను, మనసు ఒప్పుకోలేదు. అజ్మాన్ గదిలో ఒంటరిగా పడుకున్నప్పుడు మాత్రం అన్నా మీద అసూయ కలిగేది. నా కోసం ఏ ఊళ్ళోనైనా రోజూ ఒక గంట ఎక్కువ కొడుతున్నారా అని ఏడుపొచ్చేది. ఇక వెళ్ళేవాళ్ళకు ఒక మాట. చలికాలంలో వెళ్ళండి, నీళ్ళు పట్టుకెళ్ళండి, పొద్దుండగానే తడి ఇసుక మీదుగా తిరిగి రండి. ఆ లంగరు ఇంకా వేలాడుతూ కనిపిస్తే సరదాకి కూడా కొట్టకండి. అన్నా తన ఇంటికి వెళ్ళిపోయింది, మళ్ళీ పిలవకండి.